తాగానన్నాడు నాన్న

ముందున్న పాల వ్యాను ఒక చక్రం తిరిగేంత కదిలి మళ్లీ ఆగింది, దాని వెనకే నాన్న కూడా క్లచ్చి వదిలి, తొక్కి, కారుని ఆ కాస్త జాగాలోకి జరిపాడు, ఎంత మెత్తగా జరిపాడంటే ఆమె ఒళ్లోని సీసాలో నీళ్లు కూడా కదల్లేదు, ఎన్నేళ్లు సిమెంటు లారీ తోలితే వస్తుంది ఆ పాదం అనుకుంది, అనుకుని వెంటనే మరిచిపోయింది, మనసంతా బస్సు మీదే ఉంది. బస్సు తప్పితే ఇంకోటి సాయంత్రానికి గానీ లేదు, రేపు పొద్దున్నే కొత్త ఆఫీసులో చేరాలి, నీళ్ల శాఖ వాళ్ల ప్రయోగశాల, ఊళ్లోని చెరువుల్లో, బోర్లలో, కుళాయిల్లో నీళ్లు పట్టుకొచ్చి పరీక్ష చేసే ఉద్యోగం, చదివిన చదువుకి ఇన్నాళ్లకి దొరికిన సిసలైన ఉద్యోగం. వంతెన దిగిన చోట రోడ్డుకి అడ్డంగా పసుపు బారికేడ్లు పెట్టి పోలీసులు ఒక్కో బండినీ ఆపుతున్నారు, పోయిన వారం ఇదే వంతెన మీద తెల్లారాక ఎవరో తాగి తోలి రెయిలింగు గుద్దేశాడట, అప్పట్నుంచి పొద్దుటి పూట కూడా ఊదిస్తున్నారట, ఊదిస్తే ఊదించారు, మనకేం భయం, నాన్న మందు మానేసి ఎంత కాలమైంది, ఆ కాలాన్ని వేళ్ల మీద లెక్కపెట్టడం కూడా మానేసి ఎంత కాలమైంది. నాన్న నోట్లో పుదీనా బిళ్ల ఒకటి ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మారుతోంది, వాసన కారంతా నిండింది, గొంతు గరగర అన్నాడు పొద్దున. "సూట్‌కేసు తాళం చెవి పెట్టుకున్నావా" అన్నాడు. "పెట్టుకున్నా." "దుప్పటి?" "అక్కడ కొనుక్కుంటా నాన్నా." మాట్లాడ్డం తగ్గించేశాడు ఈమధ్య, ఒక్కో మాటకీ మధ్య ఒక ఖాళీ, అమ్మ పోయాక ఇల్లే ఖాళీ అయిపోయింది, మాటల్లో ఖాళీ ఎవరికి పట్టింది. పాల వ్యాను డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ఊదాడు, మిషను కూసింది, వ్యాను వెళ్లిపోయింది, ఇప్పుడు తమ వంతు.

అద్దం దగ్గరికి వచ్చింది ఒక మహిళా కానిస్టేబులు, నడివయసు మనిషి, టోపీ కింద జుట్టు చెమటకి అతుక్కుపోయి ఉంది, చేతిలో నల్లటి మిషను, దానికి కొత్త తెల్ల గొట్టం తొడిగి నాన్న నోటి ముందు పెట్టింది. "ఊదండి. గట్టిగా, ఆపకుండా, నేను చాలనేదాకా." నాన్న పుదీనా బిళ్లని దవడకి నొక్కిపెట్టి ఊదాడు, మిషను కీచుమని మొదలై మధ్యలో తెగిపోయింది. "ఆపేశారేం? మళ్లీ." మళ్లీ ఊదాడు, మళ్లీ తెగింది. పక్క సీట్లో ఆమె నవ్వబోయింది, ఏంటి నాన్నా, బుడగ ఊదినట్టు ఊదు అనబోయింది, కానీ నాన్న మెడ మీద నరాలు లేచి ఉండటం చూసి నోరు మూసుకుంది. మూడోసారి మిషను అసలు కూయనేలేదు. గొడుగు కింద కుర్చీలో కూర్చున్న ఎస్సై లేచి వచ్చాడు, కుర్రవాడు, కొత్తగా చేరినట్టున్నాడు, బూట్లు ఇంకా మెరుస్తున్నాయి. "ఏంటి పెద్దాయనా, ఆటలుగా ఉందా? బుగ్గల్తో ఊది తప్పించుకుందామనా? ఇలాంటివి రోజుకి పది చూస్తాం. ఊదనంటే తాగినట్టే రాసుకుంటాం, తెలుసుగా?" నాన్న స్టీరింగు మీంచి చేతులు తీసి తొడల మీద పెట్టుకున్నాడు, ఎస్సైని చూడలేదు, పక్కకి తిరిగి ఆమెని చూశాడు, ఒక్క క్షణం, ఏదో బరువు అటుపెట్టాలా ఇటుపెట్టాలా అని తూచుకుంటున్న మనిషిలా చూశాడు. తర్వాత అటు తిరిగి అన్నాడు, "తాగాను సార్." కానిస్టేబులు మిషను దించేసింది. "ఎప్పుడు?" "పొద్దున్నే. కొంచెం." "పక్కన కూతుర్ని కూర్చోబెట్టుకునా?" "అవును సార్. తప్పయింది." ఎస్సై ఆమె వైపు చూసిన చూపులో జాలి ఉంది, ఆ జాలికి ఆమె ఒళ్లంతా మండిపోయింది. కారుని రోడ్డు వారకి తీయించారు, తాళం చెవి ఆమెకిచ్చారు, నాన్న దిగి, తలుపు మెల్లగా వేసి, అవతల నిలబెట్టిన నీలం వ్యాను వైపు కానిస్టేబులు వెనకాల నడిచి వెళ్లిపోయాడు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆమె దిగలేదు. దిగి ఏం చేయాలి, వెళ్లి ఎవరి కాళ్లు పట్టుకోవాలి, ఏమని చెప్పాలి, మా నాన్న మంచివాడు సార్ అనా, ఆ మాట ఇంతకుముందు ఒకసారి అని చూసింది, ఏడో క్లాసులో, స్కూలు యూనిఫారంలో, జడకి కట్టిన రిబ్బను ఊడిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని. ఆ రోజు బళ్లో బొమ్మల పోటీలో గెలిచింది, నాన్న లారీతోనే వచ్చాడు తీసుకెళ్లడానికి, లారీ ఎక్కి ఇంటికి వెళ్లడమంటే ఏనుగెక్కినంత సంబరం, ఆ ఎత్తు నుంచి చూస్తే ఊరంతా కిందకి కనిపిస్తుంది, అందరి ఇళ్ల మీద ఆరేసిన బట్టలూ కనిపిస్తాయి. అప్పుడు మిషన్లు లేవు, ఉన్నా వాళ్ల దాకా రాలేదేమో, పోలీసు లారీ మెట్టెక్కి "మొహం మీద ఊదు" అన్నాడు, నాన్న ఊపిరి బిగబట్టి, పెదాల్ని సున్నాలా చుట్టి, లోపలికి పీల్చుకుంటూ ఊదినట్టు నటించాడు, పోలీసు నవ్వాడు, "ఈ విద్యలన్నీ మా నాన్న దగ్గర చూశానురా" అన్నాడు, నాన్నని రోడ్డు పక్క మట్టిలో కూర్చోబెట్టారు, అక్కడ అప్పటికే ఇంకో ముగ్గురు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు, ఒకడు నిద్రపోతున్నాడు, ఒకడు తన భార్యని తిడుతున్నాడు, ఆమె వాళ్ల మధ్యనే నిలబడింది, బహుమతిగా ఇచ్చిన రంగుల పెట్టె చంకలో పెట్టుకుని. నాన్న చెయ్యెత్తి ఆమె తల మీద పెట్టాడు, "తాగలేదు సార్, నా పిల్ల మీద ఒట్టు." ఆ చెయ్యి ఎంత బరువో ఇప్పటికీ తెలుసు ఆమెకి, మాడు మీద ఎక్కడ పెట్టాడో వేలు పెట్టి చూపించగలదు. తాగి ఒట్టేశాడు, ఒట్టేసింది తన మీద, అంటే నేను చచ్చిపోతానా అని ఆ రాత్రంతా కళ్లు తెరుచుకుని పడుకుంది, అమ్మకి చెప్పలేదు, చెబితే అమ్మ చచ్చిపోతుందని. అప్పుడు తాగి తాగలేదన్నాడు. ఇవాళ అడగ్గానే ఒప్పేసుకున్నాడు. అదీ ఒక ఎదుగుదలే అనుకుని నవ్వుకోవాలా, మనిషి మారాడు, అబద్ధం మానేశాడు, మందు మాత్రం మానలేదు.

అమ్మ ఉంటే మిషనే అక్కర్లేదు. గుమ్మంలో నిలబడి చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని "ఊదు" అనేది, అంతే, ఒక్క మాట, తాగి వచ్చిన మొగుడు తాను చేసిన ఘనకార్యం దాచుకోవడానికి పడే పాట్లన్నీ ఆ ఒక్క మాటతో తీసి పక్కన పెట్టేసేది. నాన్న ఎన్ని వేషాలు వేసేవాడు, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుని వచ్చేవాడు, లవంగాలు నమిలేవాడు, పుదీనా బిళ్లలు, అవును, పుదీనా బిళ్లలే, ఈ వాసనే, గంట నుంచి పక్కన కూర్చుని పీలుస్తూ గొంతు గరగర అంటే నమ్మింది, ఎంత తెలివితక్కువది, గుడ్డివాళ్లకి కూడా ముక్కుంటుంది. ఇల్లంతా సీసాలు దాచేవాడు, బియ్యం డబ్బాలో, దండెం మీద మడిచిన దుప్పట్లలో, లారీలో అయితే స్టెప్నీ టైరు కింద పాత తువ్వాల్లో చుట్టి, తల్లీ కూతుళ్లు కలిసి వెతికేవాళ్లు, అది ఒక ఆటలా ఉండేది ఆమెకి, దొరికితే అమ్మకి ఏడుపు, దొరకకపోతే ఇంకా ఏడుపు. ఆ తర్వాత ఒకరోజు మానేశాడు. ఎందుకో చెప్పలేదు, ఎవరూ చచ్చిపోలేదు, ఏ డాక్టరూ బెదిరించలేదు, ఎవరికీ మాటివ్వలేదు, ఒక సాయంత్రం ఊదమంటే నిండుగా ఊదాడు, అమ్మ ముక్కు ఎగబీల్చి, అనుమానంగా చూసి, "మళ్లీ ఊదు" అంది, మళ్లీ ఊదాడు. మర్నాడూ అంతే. "మానేశాడే అమ్మా" అని తను గంతులేస్తే అమ్మ నోటి మీద చెయ్యి పెట్టింది, "పైకి అనకు, మన మాటే మనకి తగులుతుంది." కానీ ఊదమనడం మాత్రం మానలేదు అమ్మ, ఏళ్లు గడిచాక కూడా, అది సరదా అయిపోయింది, అలవాటైపోయింది, ఆఖరికి మంచం పట్టి, లేవలేక, మాట పెగలక వేలెత్తి చూపించేది, నాన్న వంగి అమ్మ నుదుటి మీద, కళ్ల మీద, చెమట పట్టిన మెడ మీద మెల్లగా ఊదేవాడు, విసనకర్ర అక్కర్లేనట్టు. ఊది అటు తిరిగి దగ్గేవాడు. అప్పుడు కూడా దగ్గేవాడు కదా.

కోపంలో దగ్గు గురించి ఎందుకు. నీలం వ్యాను పక్క నీడలో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు, దూరానికి ఎవరు ఎవరో తెలియడం లేదు, ఒకడు ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు, ఎవరో తెలిసిన పెద్దమనిషికి, "అన్నా నువ్వొక్కమాట చెప్పన్నా" అని బతిమాలుతున్నాడు, నాన్నకి చెప్పుకోవడానికి ఎవరూ లేరు, ఉన్నా చెప్పుకోడు, ఒప్పుకున్నాడుగా. బస్సు వేళ దగ్గర పడుతోంది. వెళ్లిపోవచ్చు, ఆటో ఎక్కి, సూట్‌కేసు తీసుకుని, తాళం చెవి ఆ కానిస్టేబులు చేతిలో పెట్టి వెళ్లిపోవచ్చు, ఆయన తాగాడు, ఆయన పడతాడు, ఎన్నిసార్లు తన బతుకు ఆపుకోవాలి వీళ్ల కోసం. అమ్మకి జబ్బు చేసినప్పుడు ఉన్న ఉద్యోగం వదిలేసి వచ్చింది, ఎవరూ రమ్మనలేదు, వద్దన్నారు కూడా, నాన్న అయితే గొంతు చించుకుని అరిచాడు, "నేనున్నానుగా, నువ్వు పో, నీ పని చూసుకో" అని, హారన్ అనేవాళ్లు లారీ ఆఫీసులో నాన్నని, వీధి మొదట్లో పిలిస్తే వీధి చివర కుక్కలు లేచేవి, ఆ హారన్ గొంతుతో అరిచినా తను వినలేదు, ఉండిపోయింది, ఉండిపోయి బాధపడింది, బాధపడినందుకు సిగ్గుపడింది, అమ్మ పోయాక కూడా ఊరికే ఇంట్లో ఉండిపోయింది కొన్నాళ్లు, తోటివాళ్లందరూ ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. ఈ ఉద్యోగానికి రమ్మన్న రోజు నాన్న ముఖం చూడాలి, పండగ చేసుకున్నంత పని చేశాడు, బజారుకెళ్లి ఈ సూట్‌కేసు తెచ్చాడు, చక్రాలున్నది, "లాక్కుంటూ వెళ్లొచ్చు, మోయక్కర్లేదు" అని నేల మీద అటూ ఇటూ లాగి చూపించాడు. పొద్దున మాత్రం కారులో పెట్టమంటే "నడుం పట్టేసిందమ్మా, నువ్వే పెట్టు" అన్నాడు. తనే పెట్టింది. నడుం పట్టేసింది కాదు, చేతులు తూలుతాయని భయం. అన్నీ ఇప్పుడు అతుకుతున్నాయి.

ఎప్పట్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు అన్నది తెలియాలి. అది తెలుసుకోవాలన్న పట్టుదల ఎక్కడ్నుంచి వచ్చిందో గానీ చేతులు వాటంతట అవే వెతకడం మొదలుపెట్టాయి, చిన్నప్పటి చేతులు, డాష్‌బోర్డు అర తెరిచింది, రూమాలు, కళ్లజోడు డబ్బా, టార్చిలైటు, సీటు కింద చెయ్యి పెట్టింది, చీపురుపుల్లలు, ఎండిపోయిన ఒక బత్తాయి తొక్క, తలుపు జేబులో తుడిచే గుడ్డ, లేదు, ఇక్కడ పెట్టడు, నాన్న ఇక్కడ పెట్టే మనిషి కాదు. తాళం చెవి తీసుకుని దిగి వెనక డిక్కీ తెరిచింది, సూట్‌కేసు ఎత్తి రోడ్డు మీద పెట్టింది, కింద పరిచిన పట్టా లేపింది, స్టెప్నీ టైరు, దాని మధ్య గుంటలో మడతపెట్టిన పాత తువ్వాలు, అదిగో, ఒక్క క్షణం గెలిచినట్టే అనిపించింది, అమ్మా దొరికింది అని కేకేయబోయినట్టు. తువ్వాలు బరువుగా లేదు. విప్పింది. సీసా లేదు. నోట్లో పెట్టుకుని పీల్చే మందు గొట్టం ఒకటి, నీలం రంగుది, అలాంటిదే ఇంకోటి ఖాళీది, సగం వాడిన మాత్రల అట్టలు, చేతిలో పట్టేంత ఆక్సిజన్ డబ్బా, దానికి ప్లాస్టిక్ మూతిబుట్ట, ఇంకా ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసే, వేలికి పెట్టుకునే క్లిప్పు. ఆ క్లిప్పు తనకి తెలుసు. అమ్మకి కొన్నది, బ్యాటరీ మూత ఊడిపోతే తనే టేపు అంటించింది, అమ్మ పోయాక సామాన్లు సర్దుతూ ఇల్లంతా వెతికింది దాని కోసం, "ఎవరికో ఇచ్చేశా" అన్నాడు నాన్న. ఒకప్పుడు మందు సీసా ఎలా చుట్టేవాడో అలాగే చుట్టాడు, అదే మడత, చివర లోపలికి దోపి, జబ్బుని మందులా దాచాడు. ఆమె డిక్కీ అంచు మీద కూర్చుండిపోయింది, పక్క నుంచి లారీలు పోతున్నాయి, ప్రతి లారీకీ తువ్వాలు అంచు లేచి పడుతోంది.

ఊదలేకపోయాడు. అంతే కదా జరిగింది, కళ్ల ముందే జరిగింది, మూడుసార్లు, మెడ నరాలు లేచేలా ప్రయత్నించి ఊదలేకపోయాడు, అది చూసి కూడా ఆటలనుకుంది, ఎస్సై అనుకున్నట్టే. ఇప్పుడు ఆ దగ్గులన్నీ ఒకదాని వెనక ఒకటి లేచి వస్తున్నాయి, అమ్మ మంచం పక్కన అటు తిరిగి దగ్గినవి, స్నానాల గదిలో కుళాయి తిప్పేసి ఆ చప్పుడులో దగ్గినవి, కుర్చీలోనే నిద్రపోయే రాత్రులు, పడుకో నాన్నా అంటే "ఇక్కడే గాలి బాగుంది" అనేవాడు, గాలి అంటే ఫ్యాను గాలి అనుకుంది. బజారు నుంచి వస్తూ వీధి మలుపులో వంగి చెప్పు పట్టీ సరిచేసుకునేవాడు, ఎప్పుడు చూసినా పట్టీ ఊడే చెప్పులేంటి నాన్నా, కొత్తవి కొనుక్కో అని విసుక్కుంది, కొనుక్కున్నాడు పాపం, కొత్తవాటికీ వంగుతూనే ఉన్నాడు. హారన్ గొంతు ఎటు పోయింది, వీధి మొదట్లోంచి పిలవడం మానేసి గుమ్మం దగ్గరికొచ్చి ఫోను చేసేవాడు, తలుపు తియ్యమని, అది చూసి నవ్వింది, అంత బద్ధకమా అంది. సిమెంటు లోడు చేసే చోట ఎప్పుడూ తెల్లటి మబ్బు కమ్మి ఉండేది, చిన్నప్పుడు ఒకసారి చూసింది, అందులోంచి నాన్న నడిచి వస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి, ముసలి నాన్న వచ్చాడని చప్పట్లు కొట్టింది, నాన్న మీసం మీద దుమ్ము ఉఫ్ అని ఊదితే తన మొహం నిండా పడింది, ఇద్దరూ నవ్వారు. ఆ మబ్బులో ఎన్నేళ్లు పీల్చాడు. ఇవన్నీ తెలుసు, కానీ ఇప్పుడు కళ్ల ముందు నిలబడి ఉన్నవి ఇవి కాదు, ఆ చూపు, తాగాను సార్ అనే ముందు తనవైపు తిరిగి తూచిన చూపు. జబ్బని చెబితే తను ఉండిపోతుంది, సూట్‌కేసు విప్పేస్తుంది, బట్టలు మళ్లీ బీరువాలో పెట్టేస్తుంది, అమ్మకి చేసినట్టే అన్నీ చేస్తుంది, అది ఆయనకి తెలుసు. తాగాడంటే మాత్రం అసహ్యించుకుని వెళ్లిపోతుంది. కోపంతో అయితే వెళ్తుంది, జాలితో అయితే ఉండిపోతుంది. ఒకప్పుడు తన్ను తాను కాపాడుకోవడానికి కూతురి నెత్తిన చెయ్యి పెట్టిన మనిషి, ఇవాళ ఉన్న ఒక్క మంచిపేరూ, అన్నేళ్లు కష్టపడి నిలబెట్టుకున్నది, తీసి రోడ్డు మీద పెట్టేశాడు, అడగ్గానే, అంత తేలిగ్గా.

"అమ్మాయ్." కానిస్టేబులు వచ్చి నిలబడింది, ఆమె తువ్వాలు దాచబోయింది, అప్పటికే చూసేసింది ఆవిడ. "తెలిసిపోయిందన్నమాట," అంది, టోపీ తీసి దాంతోనే విసురుకుంటూ. "మీ నాన్న తాగలేదు. నోటి దగ్గర పెడితే చాలు, ఊదకపోయినా పట్టేస్తుంది ఆ మిషను, దానికింకో మీటుంది. సున్నా వచ్చింది. మా ఎస్సై బుర్ర గోక్కున్నాడు, ఈయనేంటి తాగకుండా తాగానంటాడు అని. నేను చూశాలే, పెదాలు నల్లబడ్డాయి, గోళ్లు కూడా. ఏంటి పెద్దాయనా అని పక్కకి పిలిచి అడిగితే అప్పుడు చెప్పాడు." ఆమె అడిగింది, "ఏం చెప్పాడు?" కానిస్టేబులు వ్యాను వైపు ఒకసారి చూసింది. "ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయట. బాగుపడేది కాదన్నారట. మా అమ్మాయికి చెప్పకండి మేడమ్, బస్సెక్కేదాకా తాగినవాణ్నే అనుకోనివ్వండి అన్నాడు. సరేనన్నాను. నేను మాట తప్పానని నువ్వు ఆయనకి చెప్పకు." ఎంత కాలమని అన్నారు డాక్టర్లు, అది అడగాలి, అడగలేదు, నోరు ఆ మాట దగ్గరికి వెళ్లి వెనక్కొచ్చేసింది. "కేసేం లేదు, పంపించేస్తాం. కానీ ఆయన్ని మాత్రం బండి తోలనివ్వకు, కళ్లు తిరిగాయంటే ఇంకోడి ప్రాణం మీదకి వస్తుంది. నీకు వచ్చా తోలడం?" "వచ్చు. ఆయనే నేర్పాడు." "మరింకే," అంది కానిస్టేబులు, టోపీ పెట్టుకుని, సూట్‌కేసు హ్యాండిలు పట్టుకుని డిక్కీలోకి ఎత్తడానికి తనూ ఒక చెయ్యి వేసింది. ఆమె తువ్వాల్ని మళ్లీ అదే మడత పెట్టింది, చివర లోపలికి దోపింది, టైరు గుంటలో పెట్టి పట్టా కప్పింది, మడత సరిగ్గానే వచ్చింది.

నాన్న వస్తున్నాడు. రోడ్డు వారగా, ఎండలో, అడుగులో అడుగేస్తూ, మధ్యలో ఒకసారి కావాలని పక్కకి తూలాడు, ఎంత కృతకంగా తూలాడంటే ఆమెకి ఏడుపు కట్టలు తెంచుకుంది, తాగినన్నాళ్లూ తాగనట్టు ఎంత బాగా నటించేవాడు, తిన్నగా నడిచి, చెప్పులు వరసలో విడిచి, స్పష్టంగా లెక్కలు చెప్పి, ఇప్పుడు తాగినట్టు నటించడం మాత్రం చేతకావడం లేదు, తాగినవాడు ఎలా నడుస్తాడో మరిచిపోయాడు. అటు తిరిగి చున్నీతో మొహం గట్టిగా తుడుచుకుని ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. కూర్చున్న ఆ కాసేపట్లో ఏం చేయాలో తేల్చుకోవాలి, నాకంతా తెలుసు నాన్నా అని ఒక్క మాట అంటే చాలు, ఆయన చేసిందంతా వృథా, తలుపు దగ్గరే కూలబడిపోతాడు. నాన్న అవతలి తలుపు తీసి, సీటు పట్టుకుని, మెల్లగా లోపలికి చేరాడు, ఊపిరి కూడదీసుకుంటున్నాడు, దాన్ని సిగ్గులా కనిపించనివ్వాలని తల దించుకున్నాడు. "కొంచెం... ఎక్కువైంది," అన్నాడు. ఆమె తాళం చెవి దూర్చింది. "వదిలేశారు. మొదటిసారని." అప్పుడు ఆమె గొంతెత్తింది, అమ్మ గొంతు అది, ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లూ, "సిగ్గు లేదూ నీకు? ఈ వయసులో రోడ్డు మీద నిలబడి పోలీసుల చేత అనిపించుకుంటావా? నేను ఊరెళ్తున్నానని తెలిసి కూడా తాగుతావా? అమ్మ ఉంటే ఏమయ్యేది?" తిడుతూ ఉంటే నాన్న భుజాలు వదులవడం కంటి చివర్నుంచి కనిపిస్తోంది, ఒక్కో తిట్టుకీ కాస్త కాస్త తేలిక పడుతున్నాడు, నమ్మింది, వెళ్లిపోతుంది, అని. "తప్పే," అన్నాడు. "ఇంకెప్పుడూ తాగను." "నీ మాటకేం విలువుంది," అంది, అన్నాక ఆ మాట తనకే గుచ్చుకుంది, అయినా ఆపలేదు, ఆపితే ఏడ్చేస్తుంది.

కారు స్టార్టు చేసింది, బారికేడు పక్కనుంచి తీసి, అద్దంలో వెనక చూసి, రోడ్డు మీదకి ఎక్కించింది, నాన్న పాదం తనకి రాలేదు, కారు ఒక కుదుపు కుదిపింది. బస్సు ఇంకా ఉంది, వెళ్తే అందుతుంది. "తాగినవాడివి స్టీరింగు ముట్టుకోకు, కారు బస్టాండులో వదిలి ఆటోలో ఇంటికెళ్లు. నెల తిరక్కుండా నువ్వూ అక్కడికి వచ్చెయ్యి," అంది రోడ్డునే చూస్తూ. నాన్న తలెత్తాడు. "నేనెందుకు?" "ఎందుకేంటి, ఒక్కడివే ఉంటే మళ్లీ తాగుతావు. నీ మీద నాకు నమ్మకం లేదు. నా కళ్ల ముందుండాలి." నాన్న నోరు తెరిచాడు, తాగననబోయాడు, తాగలేదనబోయాడేమో కూడా, ఏది అన్నా చిక్కే, ఊపిరి కూడా చాలలేదు, నోరు మూసేశాడు. కొంత దూరం వెళ్లాక, "అక్కడ... నాకేం తోస్తుంది?" అన్నాడు. "నన్ను తిట్టుకుంటూ కూర్చో." నవ్వబోయి దగ్గాడు, కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గాడు, ఆమె వినపడనట్టు గేరు మార్చింది, అద్దం సరిచేసింది, ముందు పోతున్న ఆటోకి దారివ్వమని హారను కొట్టింది. దగ్గు తగ్గింది. రూమాలుతో మూతి తుడుచుకుని, బయటికే చూస్తూ, ఏదో ఊసుపోక అడిగినట్టు అడిగాడు, "అక్కడ ఇంటికి... మెట్లుంటాయా?"

"ఉండవు నాన్నా. కింది వాటానే చూస్తాను," అంది.

నాన్న తన వైపు తిరిగి చూస్తున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది, రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు, తిప్పితే ఇద్దరికీ తెలిసిపోతుంది. బస్టాండు మలుపు వచ్చింది. "ఇక్కడ మూడో గేరు," అన్నాడు నాన్న. ఆమె మూడో గేరు వేసింది.